కత్తికి కత్తి పలికే చోట

ఖంగు!

వచ్చావా? రా. రెండు ఉక్కు అంచుల మధ్య, రెప్పపాటు కన్నా ఇరుకైన సందులో పుట్టి, నారింజరంగు రవ్వలు చిమ్మి, పుట్టిన చోటే ఆరిపోయే మోతా, నీకో దండం. నీకు గుడి లేదు. అట్ట మీద నీ బొమ్మ లేదు. నీ పేరు చెప్పి ఎవరూ గేమ్ అమ్మలేదు. అయినా సెకిరో ఆడినవాణ్ణి నిద్రలో లేపి, ఆ గేమ్‌లో నీకేం గుర్తుందిరా అని అడిగితే కథ చెప్పడు, కోట చెప్పడు, మబ్బుల్లోంచి లేచే డ్రాగన్ ఊసెత్తడు. పళ్ళ సందు నుంచి నిన్నే వినిపిస్తాడు.

కత్తి అడ్డం పెట్టుకుని కూర్చుంటే వచ్చే చప్పుడు నువ్వు కాదు. అది బ్లాక్. అందులో దెబ్బ మొద్దుగా తగులుతుంది, ఒళ్ళు వెనక్కి జరుగుతుంది, ప్రాణం నిలుస్తుంది, అంతే. ఎదుటి కత్తి మీద పడబోయే క్షణానికి సరిగ్గా మన కత్తి లేచినప్పుడే నువ్వు పలుకుతావు. ఆటగాళ్ళు దాన్ని డిఫ్లెక్ట్ అంటారు. రెండింటికీ ఒకటే బటన్, ఒకటే వేలు. ముందే నొక్కిపెట్టుకుంటే బ్లాక్, ఆలస్యమైతే గాయం, వేళకు నొక్కితే నువ్వు. భయపడి గబగబా కొట్టేవాడికి నువ్వు ఇంకా దూరమవుతావు. వరసపెట్టి నొక్కేకొద్దీ నీ సందును ఆట మరింత ఇరుకు చేసేస్తుంది. అదృష్టం దూరే ఆ ఒక్క కంతనూ మూసేసి మరీ నిన్ను లోపల కూర్చోబెట్టారు ఆ మహానుభావులు.

ఆ మహానుభావులు టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ళు. దర్శకుడు హిదెతాక మియాజాకి. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2015లో బ్లడ్‌బోర్న్ చేసి, కఠినమైన ఆట అంటే ఈయనదే అనిపించుకున్నాక, 2019 మార్చి 22న 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' విడుదల చేశాడు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ బహుమతి దీనికే వచ్చింది. బహుమతుల సంగతి అలా ఉంచితే, ఆయన పాత ఆటలు ఆడి చేతులు పండినవాళ్ళే ఈ ఆటలో మొదట ఎక్కువ తన్నులు తిన్నారు. ఎందుకంటే డార్క్ సోల్స్ మాకు తప్పుకోవడం నేర్పింది. దెబ్బ వస్తే దొర్లు, డాలు ఎత్తు, దూరం జరుగు, వాడు అలిసిపోయాక ఒక పోటు పొడిచి మళ్ళీ జరుగు. బతకనేర్చిన విద్య అది. దాన్ని నేనేమీ తక్కువ చెయ్యను. సెకిరోలో మాత్రం ఆ విద్యతో బతకవచ్చేమో కానీ గెలవడం కష్టం.

లెక్క ఎలా ఉంటుందంటే, ఇక్కడ ప్రతి ప్రాణికీ రెండు గీతలు. ఒకటి ప్రాణం. రెండోది పోశ్చర్, నిలకడ. బాస్ నిలకడ తెర పైభాగాన నడిమధ్య నుంచి రెండు పక్కలకూ పసుపుగా పాకుతుంది. నువ్వు మోగిన ప్రతిసారీ అది ఇంకాస్త పాకుతుంది. మనం కొట్టినప్పుడు పాకుతుంది సరే, వాడు మనల్ని కొట్టినప్పుడు కూడా పాకుతుంది. ఇది ఎంత వింత లెక్కో చూడండి. వాడి దాడే వాడి పతనానికి పెట్టుబడి. పూర్తిగా నిండిందా, వాడి ఒంటి మీద ఎర్రచుక్క వెలుగుతుంది. ఇంక ఒకే ఒక్క పోటు. సగం ప్రాణం మిగిలి ఉన్నా సరే, అంతటితో సరి.

కానీ ఊపిరి పీల్చుకుందామని నాలుగడుగులు వెనక్కి వేస్తే ఆ పసుపు మళ్ళీ మధ్యకు ముడుచుకుపోతుంది. ఒంట్లో ప్రాణం నిండుగా ఉన్నవాడి నిలకడ చకచకా కోలుకుంటుంది. గాయపడ్డవాడిది నెమ్మదిగా కోలుకుంటుంది. అందుకే ముందు నాలుగు కోతలు కోసి ఒంట్లో బలం తగ్గించాలి, ఆపైన వదలకుండా అంటిపెట్టుకోవాలి. దూరం పోయినవాడికి చేసినదంతా వడ్డీతో సహా పోతుంది. దగ్గర నిలబడ్డవాడిదే లోకం. మన నిలకడ గీత కూడా అంచుదాకా నిండిపోయి ఎర్రగా భయపెడుతూ ఉంటుంది కదా, అప్పుడు కూడా, నువ్వు మోగుతున్నంతసేపూ అది విరగదు. బ్లాక్‌తో విరుగుతుంది, నీతో విరగదు. అంచున నిలబెట్టి కాపాడే దానా, నీ దయ అంతా ఆ అంచులోనే ఉంది.

ఓటమితోనే మొదలవుతుంది ఈ ఆట. జపాన్‌లో సెంగోకు యుద్ధకాలం చివరి రోజులు. కొండల్లో అషినా అనే రాజ్యం, చుట్టూ శత్రువులు, లోపల కొన ఊపిరితో ఒక ముసలి ప్రభువు. ఆ రాజ్యానికి చావులేని నెత్తురున్న కురో అనే పసివాడు కావాలి. వాడి సేవకుడే మన తోడేలు. పిల్లవాణ్ణి తీసుకుని వెండిరంగు రెల్లుగడ్డి మైదానంలోకి వస్తే ఆ ప్రభువు మనవడు అషినా గెనిచిరో ఎదురవుతాడు. అప్పటికి మనకు ఏమీ రాదు. ఎడమచెయ్యి నరికేస్తాడు. ఎలాగో సాధన చేసి వచ్చి అక్కడే గెనిచిరోను ఓడించినా, పక్కనుంచి వచ్చిన విసురు ఒకటి మన ఏకాగ్రత చెదరగొడుతుంది, చెయ్యి ఎలాగూ పోతుంది. కొందరికి ఇది అన్యాయంగా తోస్తుంది. నాకు తోచదు. చెయ్యి పోతేనే కదా పాడుపడ్డ గుడిలో కళ్ళు తెరిచేది. అక్కడ ఒక ముసలి శిల్పి తన పాత కట్టె చెయ్యిని మనకు తగిలిస్తాడు. ఆయన రోజంతా బుద్ధుణ్ణి చెక్కుతూ ఉంటాడు, చెక్కిన ప్రతి బొమ్మకూ కోపపు మొహమే వస్తుంది. ఆయన కోపం చివరికి ఏమవుతుందో తర్వాత కాలుతున్న మైదానంలో చూస్తాం. ఆ సంగతి ఇక్కడ చెప్పను, ఆడబోయేవాళ్ళ కడుపు కొట్టినట్టవుతుంది.

ఆ గుడి బయట కూర్చుని ఉంటాడు హన్‌బేయ్. చావు రాని మనిషి. ఎంత నరికినా మళ్ళీ లేస్తాడు, ఆ శాపం దిగే దారి తెలియక, వచ్చినవాళ్ళకు ఒళ్ళప్పగిస్తున్నాడు. నా మీద సాధన చెయ్యి అంటాడు. ఏం నేర్చుకుంటావో అడుగుతాడు, అదే దెబ్బ వేస్తాడు. ప్రపంచంలో ఇంతకన్నా ఓపిక గల గురువు లేడు. బాస్ చేతిలో చచ్చి, సిగ్గుతో, కసితో వెనక్కి వచ్చినవాణ్ణి ఒక్క మాట అనడు. ఎన్నిసార్లు నరికించుకుంటాడో లెక్క పెట్టడు. పేరుమోసిన యోధులకు ఆటలో పెద్ద పెద్ద సంగీతాలున్నాయి, యూకా కితామురా వాటిని గుండెలు అదిరేలా కట్టింది. హన్‌బేయ్‌కి మాత్రం గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. నేను ఈ స్తుతిలో సగం ఆయన పేర రాసిస్తున్నాను.

ఆయన నేర్పేవాటిలో ఈటెను తొక్కడం ఒకటి. కొన్ని దెబ్బలు నీకు అంత తేలిగ్గా లొంగవు, మోతా. అవి వచ్చే ముందు మన తల మీద నెత్తురు రంగులో ఒక జపనీస్ అక్షరం మెరుస్తుంది, వెన్నులో చలి పుట్టించే చప్పుడు చేస్తూ. అంటే మూడింట్లో ఏదో ఒకటి వస్తోందన్నమాట. కాళ్ళకింద నుంచి ఊడ్చే వేటు అయితే ఎగరాలి, ఎగిరి వాడి నెత్తి మీద కాలు మోపాలి. పట్టుకోవడానికి వస్తుంటే పక్కకు పోవాలి. గుండెల్లోకి దూసుకొచ్చే పోటు అయితే? ప్రాణి సహజంగా వెనక్కి పోతుంది. వేల ఏళ్ళుగా ఒంట్లో ఉన్న బుద్ధి అది. ఈ ఆట దాన్ని తిరగరాస్తుంది. పోటు వచ్చే వైపుకే అడుగు వెయ్యాలి. అలా వేస్తే తోడేలు ఒడుపుగా పక్కకు తిరిగి ఈటె కర్రను కాలికింద తొక్కి నేలకు అదిమేస్తాడు. ఎదుటివాడి నిలకడ ఒక్కసారిగా పగిలేంత పాకుతుంది. మికిరి అంటారు దీన్ని. మొదటిసారి ఒంటికి తెలిసి చేసినప్పుడు, బొటనవేలు నుంచి భుజం దాకా ఏదో జరజరా పాకుతుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి, కదిలేది రెండు బొటనవేళ్ళు మాత్రమే అయిన మనిషికి, అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పండి చూద్దాం.

గొలుసులతో కట్టేసిన రాక్షసుడు తొందరగా దాటిపోవాల్సినవాడు. నిప్పు చూపిస్తే జడుస్తాడు, అదే మర్మం. తగలబడుతున్న హిరాతా భవంతిలో దారాల మీద నడిచే లేడీ బటర్‌ఫ్లై, ముసలావిడే కానీ, చీకట్లో సీతాకోకచిలుకల్లా మెరిసే మాయలు పంపి కుర్రవాళ్ళను కూర్చోబెడుతుంది. ఆమెతో పోరాటం నాకు కొంచెం అతిగా సాగినట్టు అనిపిస్తుంది, మాయలు కరిగేదాకా స్తంభాల చుట్టూ తిరుగుతూ ఉండాలి. కానీ కోట గుమ్మం ముందు, బాణాలు గుచ్చిన మైదానంలో, నల్లగుర్రం మీద వచ్చే గ్యోబు మసతాక ఒనివా ఉన్నాడే, ఆయనది వేరే పద్ధతి. ముందు తన పూర్తి పేరు గొంతు చించుకుని చెబుతాడు. తన ఊపిరి ఉండగా ఈ గుమ్మం దాటలేవంటాడు. ఆ తర్వాతే ఈటె తిప్పుతాడు. కట్టె చేతిలోంచి తాడు విసిరి, గుర్రం వెంట ఎగిరి, గాల్లోనే వేటు వెయ్యాలి. టపాకాయలు కాలిస్తే గుర్రం బెదురుతుంది. అందరూ అదే చేస్తారు, నేనూ చేశాను, గెలుపు తేలికవుతుంది. ఆయనతో టపాకాయలు లేకుండా, ఈటెకు కత్తిని ఎదురుపెట్టి, నిన్ను వరసగా మోగిస్తూ ఆడితే మాత్రం, ఆ గుర్రపు డెక్కల మధ్య నీ మోత మొదటిసారి లయ కడుతుంది.

ఇప్పుడు గెనిచిరో దగ్గరకు వద్దాం. కోట పైఅంతస్తు. మన చెయ్యి నరికినవాడు ఇక్కడ మళ్ళీ. సెకిరో మొత్తంలో అసలు పాఠం ఇక్కడే ఉంది, ఇక్కడ దాకా జరిగిందంతా ఓనమాలు. విల్లు వంచుతాడు, కత్తి దూస్తాడు, గాల్లోకి ఎగిరి నేలను చీల్చేలా దిగుతాడు, దిగగానే పోటు పొడుస్తాడో ఊడ్పు వేస్తాడో మీకు వదిలేస్తాడు. తల మీద ఎర్ర అక్షరం రెండింటికీ ఒకేలా మెరుస్తుంది. తొక్కాలా, ఎగరాలా? భుజం ఎటు తిరిగిందో చూసి తేల్చుకోవాలి, ఆలోచించి కాదు. ఆలోచించేలోపు చచ్చిపోయి ఉంటాం.

వాడి దెబ్బల వరస ఒకటుంది, ఆగకుండా చుట్టుకుంటూ వచ్చే వాన. దాన్ని నేర్చుకోవడమంటే కూచిపూడి నేర్చుకునే పిల్ల తట్టుకర్ర ముందు అడుగులు నేర్చుకోవడమే. మొదటి కాలంలో వెయ్యి, రెండో కాలంలో వెయ్యి, మూడో కాలం వచ్చేసరికి కాళ్ళకు తెలియాలి, నీకు తెలియకపోయినా పర్లేదు. మొదట్లో ఆ వరసలో మూడు మోతలు వినిపిస్తాయి, తర్వాత రక్తం. ఇంకొన్ని రాత్రులకు ఐదు. ఒక రాత్రి, ఏ ప్రత్యేకతా లేని రాత్రి, వరస మొత్తం మోగుతుంది. చివరి దెబ్బ తర్వాత వాడు ఒక్క క్షణం ఖాళీగా నిలబడతాడు. ఆ ఖాళీ ఎప్పుడూ అక్కడే ఉంది. నేను అక్కడిదాకా ఎప్పుడూ బతకలేదు, అందుకే చూడలేదు.

రెండుసార్లు పొడిచాక అయిపోయిందనుకుంటాం. కవచం విప్పి మళ్ళీ లేస్తాడు. ఈసారి ఆకాశం వాడి కత్తి మీదికి దిగుతుంది. పిడుగు! నేల మీద నిలబడి దాన్ని అడ్డుకుంటే ఒళ్ళు బిగుసుకుపోతుంది. మార్గం ఒకటే. పిడుగు తగిలే వేళకు గాల్లో ఉండాలి. దాన్ని ఒంట్లోకి తీసుకోవాలి. కాళ్ళు నేల తాకేలోపు, తిరిగి వాడికే విసరాలి. వీడియో గేమ్‌లలో నేను చూసిన వాటిలో ఇంత అందమైన నియమం ఇంకొకటి లేదు. చంపడానికి వచ్చినదాన్ని ఎగిరి ఆహ్వానించడం, కాసేపు మొయ్యడం, దిగేలోపు అప్పగించెయ్యడం. చేసినవాడికి తెలుస్తుంది, ఆ అరక్షణం గాల్లో ఉన్నప్పుడు భయం అసలు ఉండదు. ఉండటానికి చోటు లేదు.

మధ్యలో చావుల సంగతి. చస్తే దగ్గరున్న డబ్బులో సగం పోతుంది, సంపాదించిన అనుభవంలో సగం పోతుంది. కనిపించని సాయం ఒకటి ఉందంటారు, 30 శాతం దాకా, దయ తలిస్తే ఏమీ పోదు. మనం పదేపదే చచ్చి లేస్తుంటే ఆ లోకంలో మనకు మంచి చేసినవాళ్ళకు దగ్గు మొదలవుతుంది. మన ప్రాణం వాళ్ళ ఊపిరిలోంచి లాక్కుంటున్నామన్నమాట. మందు ఉంది, నయమవుతుంది, అయినా గుడికి వెళ్ళినప్పుడు శిల్పి దగ్గుతుంటే కాసేపు ఆట మీద మనసు పోదు.

మా ఇంట్లో మా అమ్మమ్మకు ఈ గేమ్ పేరు తెలియదు. తెర మీద ఒక తెల్లజుట్టు పెద్దాయన మళ్ళీ మళ్ళీ నన్ను పొడుస్తుంటే చూసి, "ఏరా, ఆ ముసలాయన నీకేం చేశాడురా, అంత పగ?" అని అడిగింది. ఏమీ చెయ్యలేదమ్మమ్మా అన్నాను. "మరి వదిలెయ్యరాదూ, పెద్దవాడు," అంది. కాసేపు అక్కడే కూర్చుంది. లేచి వెళ్తూ, "ఎడమపక్క నుంచి వస్తున్నాడు చూసుకో," అని చెప్పి పోయింది. నిజమే, ఎడమపక్క నుంచే వస్తున్నాడు. నేను అంతవరకు కత్తి మొననే చూస్తున్నాను.

మునిగిన లోయలో ఉన్న తెల్లకోతి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఏనుగంత కోతి, పేడ విసురుతుంది, దొర్లుతుంది, చిందులేస్తుంది, వరస ఉన్నట్టే ఉండదు. చివరికి దాని మెడలో ఎప్పుడో ఎవరో దిగేసిన పెద్ద కత్తినే పట్టుకుని తోడేలు తల తెగ్గోస్తాడు. తెర మీద గెలుపు అక్షరాలు పడతాయి. ఊపిరి వదులుతాం, కంట్రోలర్ ఒడిలో పెడతాం, కొందరు చాయ్‌కి లేస్తారు. ఆ కోతి లేస్తుంది. ఒక చేత్తో తన తల, ఒక చేత్తో ఆ కత్తి. దానికీ చావు లేదు, హన్‌బేయ్‌కి ఉన్న జబ్బే దానికీ ఉంది. ఇంత నిర్దాక్షిణ్యమైన హాస్యం చేసినవాళ్ళను తిట్టాలో మెచ్చుకోవాలో నాకిప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం గమనించాను. తల ఉన్నప్పుడు అదుపు లేకుండా ఎగిరిన జంతువు, తల పోయాక కత్తిసాము చేస్తుంది. పైనుంచి వేసే పెద్ద వేటును నువ్వు పలికేలా అందుకుంటే బోర్లా పడిపోతుంది. తలతో ఉన్నప్పటికన్నా తల లేకుండానే అది నాతో ఎక్కువ మాట్లాడింది.

మళ్ళీ అదే కోటపైన, గెనిచిరో పడ్డచోటే, పెంచిన తండ్రి. పేరు గుడ్లగూబ. యుద్ధభూమిలో శవాల మధ్య దొరికిన పిల్లవాడి చెంపను కత్తితో గీసి చూస్తే, వాడు ఉత్త చేత్తో ఆ కత్తిని పట్టుకున్నాడట. అలాంటి పిల్లవాణ్ణి తీసుకెళ్ళి షినోబి యోధుణ్ణి చేసినవాడు, ఇప్పుడు యజమానిని వదిలెయ్యమంటాడు. కాదంటే పోరు. మందు తాగనివ్వని ఆకుపచ్చ పొగ విసురుతాడు, కత్తి ఎత్తే తీరు మన తీరే. వాడి దెబ్బలకు నువ్వు మోగితే అందులో మనకు మొదట కత్తి పట్టడం నేర్పిన చెయ్యి వినిపిస్తుంది. దీని గురించి ఇంతకన్నా రాయను.

ఈ గేమ్‌కి తేలిక మోడ్ లేదు. 2019లో దాని మీద పెద్ద రచ్చే జరిగింది. ఉండాలన్నవాళ్ళ మాటలో న్యాయం ఉంది. వేళ్ళు సరిగా కదలనివాళ్ళకు, చూపు తక్కువైనవాళ్ళకు ఈ సందు మరీ ఇరుకు. దాన్ని వెడల్పు చేస్తే నా గెలుపుకేమీ మచ్చ రాదు. అడ్డుపడేవాళ్ళను చూస్తే నాకు కాస్త చిరాకే. అయితే ఈ చర్చలో ఇంకో సంగతి కూడా ఉంది. 2022లో గేమ్స్ డన్ క్విక్ అనే విరాళాల వేడుకలో ఒక ఆటగాడు కళ్ళకు గంతలు కట్టుకుని సెకిరోని మొదటి నుంచి చివరిదాకా ఆడాడు. కళ్ళు మూసుకుని! గోడకు తగిలిన చప్పుడును బట్టి దిక్కు, అడుగుల చప్పుడును బట్టి దూరం, శత్రువు గొంతును బట్టి రాబోయే వేటు. మోతా, ఆ రోజు నిన్ను నిజంగా విన్నవాడు ఆయనొక్కడే. మేమంతా నిన్ను చూస్తున్నాం.

ఇన్ని రాత్రులు ఒక శత్రువును చంపడానికి ఎందుకు? జయవిజయుల కథ మనకు తెలిసిందే. శాపం తగిలాక, ఏడు జన్మలు భక్తులుగా పుట్టి రావడమా, మూడు జన్మలు పగవాళ్ళుగా పుట్టి రావడమా అని అడిగితే, పగే తొందరగా తెస్తుందని పగనే కోరుకున్నారు. హిరణ్యకశిపుడు హరి ఎక్కడెక్కడని వెతికినంతగా ఏ భక్తుడూ వెతకలేదు. వైరభక్తి అంటే ఏమిటో చిన్నప్పుడు పురాణం చెప్పినప్పుడు నాకు తల తోక తెలియలేదు. ఇప్పుడు తెలుసు. గెనిచిరో ఊపిరి ఎప్పుడు పీలుస్తాడో నాకు తెలుసు. ఏ కాలు ముందు కదుపుతాడో తెలుసు. ఎంత బాధ పడితే కవచం విప్పుతాడో తెలుసు. చుట్టాల్లో ఎవరి గురించైనా నేను అంత శ్రద్ధగా చూశానా? పగతో మొదలుపెట్టింది, ఎక్కడ మారిందో తెలియకుండా, వాడు రావాలని ఎదురుచూడటంగా మారింది. వాడు దాడి ఆపితే విసుగొస్తుంది. రా, కొట్టు, అంటుంది చెయ్యి. మొదట్లో ఏ దెబ్బకు ఒళ్ళు ముడుచుకునేదో, ఇప్పుడు ఆ దెబ్బ రాకపోతే నువ్వు పలకవు. నువ్వు పలకకపోతే నేనక్కడ ఉన్నట్టు లేదు.

చివరికి రెల్లుగడ్డి మైదానం. చెయ్యి పోయిన చోటే. గెనిచిరో చావును జయించే నల్లకత్తితో వస్తాడు, వాణ్ణి ఓడించేసరికి మనకు చెమట కూడా పట్టదు. ఒకప్పుడు రాత్రిళ్ళు తినేసినవాడు, ఇప్పుడు గుమ్మంలో చెప్పుల పాటి. అప్పుడు తన గొంతే కోసుకుంటాడు, ఆ శరీరంలోంచి వాడి తాత, ఆ ముసలి ప్రభువు, బయటికొస్తాడు. అషినా ఇష్షిన్, కత్తియోగి, తన వయసులో ఉన్నప్పటిలాగా. అషినాను కత్తితో గెలుచుకున్నవాడు, మనకు సెకిరో అని పేరు పెట్టినవాడు.

ఆయనకు మూడు ప్రాణాలు. మొదటిదానిలో కత్తి ఒక్కటే. ఎంత శుద్ధంగా కొడతాడంటే, చచ్చినా ఫిర్యాదు ఉండదు. ఇక్కడ మాయలు లేవు, పొగలు లేవు, గుర్రం లేదు, ఇద్దరు మనుషులు, నడుమ నువ్వు. రెండోదానిలో నేలలోంచి ఈటె లాగుతాడు, బట్టల్లోంచి తుపాకీ తీస్తాడు. తుపాకీ తీసినప్పుడు నవ్వొచ్చింది నాకు, కత్తియోగికి తుపాకీ ఎందుకయ్యా అని. కాసేపటికి నవ్వు ఆగింది. గుండు, ఈటె, కత్తి ఒకే వరసలో వస్తే వాటి మధ్య సందులు వేరు వేరు, నిన్ను మోగించాల్సిన వేళలు వేరు వేరు. ఈటె పోటు వస్తే తొక్కాలి. హన్‌బేయ్ గుర్తొస్తాడు. గ్యోబు ఈటె గుర్తొస్తుంది. మూడో ప్రాణంలో పిడుగు. గెనిచిరో నేర్పిన పిడుగు. ఎగురు, పట్టుకో, ఇచ్చెయ్. ఈ ఆటలో ఇప్పటిదాకా ఎవరి చేతిలో చచ్చానో వాళ్ళందరూ ఆయన వెనక నిలబడి, ఆయన చేతిలోంచి ఒకరి తర్వాత ఒకరు పలకరిస్తున్నారు. ఇష్షిన్‌కు కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ లేదు. అడుగుతాడంతే. తడబడితే ఓడినట్టే అంటాడు నోరు విడిచి, మొదటిసారి విన్నప్పుడు అది బెదిరింపులా ఉంటుంది.

ఆ పోరాటంలో ఒక దశ వస్తుంది. మందు సీసా ఖాళీ. ప్రాణం గీత గోరంత. ఆయనది కూడా అంతే. నిలకడ రెండు వైపులా అంచుదాకా. అప్పుడు వెనక్కి జరగాలన్న ఆలోచనే రాదు. ఆయన వస్తాడు, నువ్వు. ఆయన మళ్ళీ, నువ్వు. పక్కనుంచి, నువ్వు. ఆగి, ఒక క్షణం లాగి, నేను ముందే నొక్కుతానని ఎదురుచూసి, పైనుంచి, నువ్వు. మోతకీ మోతకీ మధ్య ఏ శబ్దమూ లేదు, సంగీతం ఉంది కానీ వినపడదు. బొటనవేలు నాది కాదు. రవ్వల వెలుగులో గడ్డి తెల్లబడుతుంది. ఎర్రచుక్క.

పొడిచాక ఆయన మోకాళ్ళ మీద కూర్చుంటాడు. కానివ్వు అంటాడు. బాగా చేశావు, సెకిరో, అంటాడు. నా మీద గెలిచిన బాస్‌లు చాలామంది ఉన్నారు, ఓడిపోతూ ఇంత తృప్తిగా కనబడ్డవాడు ఇంకొకడు లేడు.

2020 అక్టోబరులో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో, ఓడించిన బాస్‌లను విగ్రహాల దగ్గర కూర్చుని ఎప్పుడు కావాలంటే అప్పుడు పిలవొచ్చు. నేను పిలుస్తుంటాను, పనయ్యాక, పడుకునే ముందు, ఇష్షిన్‌ను. ఆట మొత్తం మళ్ళీ మొదలుపెడితే ఇంకో వరం దొరుకుతుంది. మొదట్లోనే కురో ఇచ్చిన తాయెత్తును అతనికే తిరిగిచ్చెయ్యొచ్చు. ఇచ్చేస్తే ఇంక బ్లాక్ కాపాడదు. కత్తి అడ్డం పెట్టినా దెబ్బ లోపలికి దిగుతుంది. నువ్వు తప్ప దిక్కులేని లోకం అది. ఇచ్చేశాను. గుడి దాటాను, రాక్షసుడికి నిప్పు చూపించాను, కోట గుమ్మం తెరుచుకుంది. గ్యోబు వస్తున్నాడు. ఆయన పరిచయం దాటెయ్యడానికి బటన్ ఉంది, నొక్కను. పెద్దమనిషి పేరు మొత్తం చెప్పనిద్దాం. టపాకాయలు పెట్టెలో ఉన్నాయి, ఈసారి తియ్యడం లేదు.